నడుము కొలిచేటప్పుడు వినబడే మాటలు

నల్లగొండ ప్రకాశం బజారుల నాకు చిన్న టైలరింగ్ షాపుంది. జాకెట్లు, చుడీదార్లు, ఆడపిల్లల లంగాలు కుడ్త. కొలతలిచ్చేటందుకు ఆడోళ్ళు ఒక్కరే వచ్చేది తక్కువ. తల్లి వెంట వస్తది, అక్క వస్తది, పెండ్లి కుదిరిన పిల్లయితే మేనత్తలు కూడ వస్తరు. మొగడు బయట బండి మీద కూసోని లోపలికి తొంగి చూస్తుంటడు. నేను నడుముకు టేపు చుట్టంగనే వాళ్ళ మాటలు మొదలైతయి.

"పోయిన దసరాకు ముప్పై రెండు ఉండె గద, ఇప్పుడెంతైంది?"

"అన్నం తగ్గియ్యమంటే ఇంటదా ఇది?"

"పెండ్లి లోపు తగ్గుతది, నువ్వు జర బిగువు కుట్టు, గుడ్డ మాత్రం లోపల ఇడువు."

ఈ మాటలన్నోళ్ళల్ల పగోళ్ళు ఒక్కరు లేరు. ఆ పిల్లకు జరమొస్తే రాత్రంత మేలుకునేటోళ్ళే వీళ్ళు. మరి ఇంత పానమున్న మనుషులు ఒంటి బరువు సంగతొచ్చేసరికి ఎందుకిట్ల మాట్లాడ్తరనేది నన్ను చాన ఏండ్ల సంది సతాయిస్తున్న ప్రశ్న. అందుకే ఇది రాస్తున్న.

ముందుగాల నా పనిల నేను చూసిందొకటి చెప్త. ఎవ్వరేమనకుంటే ఆడపిల్ల మామూలుగ నిలబడ్తది, కొలత సరిగ్గ వస్తది. తల్లి పక్కన నిలబడి "పొట్ట చూడు ఎట్లొచ్చిందో" అన్నదనుకో, ఆ పిల్ల ఊపిరి బిగవట్టి కడుపు లోపలికి గుంజుకుంటది. ఆ కొలతతోటి కుడితే హుక్సు పట్టయి. వారం తిరగక ముందే జాకెట్ మళ్ళ నా దగ్గరికొస్తది, కుట్లు విప్పాలె. అందుకే "ఊపిరి ఇడువు బిడ్డా, సుకూన్‌గ నిలబడు" అని చెప్పి, మాట నెమ్మదించినంక మళ్ళొకసారి కొలుస్త. చాన షాపులల్ల మాస్టరు నంబరు గట్టిగ పిలిస్తే పక్కన పిల్లగాడు రాసుకుంటడు. నేను గట్ల పిలవను. నేనే కొలుస్త, నేనే బుక్కుల రాసుకుంట. బజారు దాంక ఇనవడేటట్టు ఒక ఆడమనిషి నడుము కొలత చెప్పాల్సిన పని ఎవ్వరికి లేదు.

ఒకామె ఉండె, మా దగ్గర ఏండ్ల సంది కుట్టించుకునే మనిషి. ఏడాది తిరిగేసరికి ఆది జాకెట్ చేతులకే ఎక్కకుండైంది. మొగడు ఎప్పుడొచ్చినా "కూసోని తింటే ఇట్లనే ఐతది" అనేటోడు, నవ్వుకుంటనే అనేటోడు. ఆమె నిజానికి పొద్దంత నిలబడి పనిచేసే మనిషి. జుట్టు రాలుతున్నది, ఎండకాలంల కూడ చలి పెడ్తున్నదని మెల్లగ నాకు చెప్పుకున్నది. తర్వాత పరీక్ష చేయిస్తే థైరాయిడ్ తక్కువ పనిచేస్తున్నదని తేలింది. థైరాయిడ్ మందగిస్తే బరువు పెరుగుతది, నీరు పడ్తది, ఒళ్ళు బరువెక్కి లేవబుద్ధి కాదు. అండాశయాలల్ల నీటిబుడగలంటరు చూడు, పీసీఓఎస్, దానితోటి కూడ గంతే. స్టెరాయిడ్ మందులతోటి, కొన్ని మానసిక ఆరోగ్యం మందులతోటి కూడ ఒళ్ళొస్తది. మొగడన్న ఆ మాట ఆమెను ఏడాది పాటు దవాఖానకు పోకుండ ఆపింది. తప్పు తనదే అనుకున్నది కాబట్టి డాక్టరుకు చెప్పుకునే ధైర్యమే రాలె. నాకు ఇప్పటికి బాధనిపించేది అదే.

ఇంతకు మన దిక్కు ఈ మాటలు ఏడికెల్లి వచ్చినయంటే, నా మట్టుకు ఆకలి నుంచే వచ్చినయి. మా నాయినమ్మది హాలియా దిక్కు పల్లె. సాగర్ నీళ్ళు రాకముందు ఆడ జొన్నలు, సజ్జలే. పొద్దున అంబలి, పొద్దుమీకి జొన్న గటుక. వరన్నమంటే పండుగకో, సుట్టం వస్తెనో. 1967 ఆగస్టుల సాగర్ కాలువలకు నీళ్ళిడిసినంక ఎడమ కాలువ కింద పొలాలన్ని వరి మళ్ళయినయి, మిర్యాలగూడ చుట్టు రైసు మిల్లులు లేసినయి. 1983ల రెండు రూపాయల కిలో బియ్యం వచ్చినయి. ఇయ్యాల మా ఉమ్మడి జిల్లాలనే, హుజూర్‌నగర్‌ల, 2025 ఉగాదినాడు రేషన్ల సన్నబియ్యం మొదలువెట్టిన్రు, మనిషికి ఆరు కిలోలు. ఒక్క ముసలమ్మ తన బతుకుల గటుక నుంచి సన్నబియ్యం దాంక చూసింది. ఆమె కండ్లకు బక్కపల్చని మనిషి కనవడితే ఆకలిగొన్న మనిషే కనవడ్తది. "ఒళ్ళు చేసినవ్ బిడ్డా" అంటే ఆమె నోట్ల అది దీవెన.

మా అత్తది పాలమూరు, మక్తల్ దిక్కు. ఆమె చిన్నప్పుడు అమ్మ నాయిన వలసపోయేటోళ్ళు, బొంబాయికో, పుణెకో. ఏడాదికొకసారి వాళ్ళు బస్సు దిగితే పిల్లలు మూటలు చూసేటోళ్ళు కాదంట, అమ్మ మెడ కింద బొక్కలు తేలినయా లేదా అని చూసేటోళ్ళంట. ఇది చెప్పేటప్పుడు మా అత్త గొంతు ఇప్పటికి మారుతది. అసొంటామెకు పోయి "కొడుక్కు తక్కువ పెట్టు" అని ఎట్ల చెప్పాలె?

2019-21ల చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల ప్రకారం తెలంగాణల 15 నుంచి 49 ఏండ్ల ఆడోళ్ళల్ల 30 శాతం, మొగోళ్ళల్ల 32 శాతం మంది ఎక్కువ బరువున్నోళ్ళే. అదే సర్వేల దాదాపు 19 శాతం ఆడోళ్ళు ఉండాల్సినదానికంటే బక్కగున్నరు. రెండు తీర్ల మనుషులు ఒక్క ఊర్లనే, ఒక్కొక్కసారి ఒక్క ఇంట్లనే ఉంటరు. గందుకే "జర తిను" అనేది, "జర తగ్గు" అనేది ఒక్క నోట్లకెల్లే వస్తున్నయి. కంచంల ముద్ద ముద్దకు "ఇంకింత ఏసుకో" అని, చెయ్యి కడుక్కొని లేవంగనే "లావైనవ్" అంటే ఆ పిల్ల ఏ మాట ఇనాలె?

మా ఇంటి సంగతి చెప్త. మా ఆయన బస్సుల కండక్టరు. నైటౌట్ డ్యూటీలు, టైముకు తిండుండది, బస్టాండు బస్టాండుకు ఛాయ్, ప్రతి ఛాయ్‌ల చక్కెర. నలభై రెండో ఏట, మూడు నెలల సగటు షుగర్ చూపే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయిస్తే 6.2 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాంక ఉంటే షుగర్ ఇంక రాలేదు గని గడప దగ్గర నిలబడ్డదని అర్థం. అప్పుడు ఆయన బరువు 84 కిలోలు. డాక్టరు ఆరు కిలోల దాంక తగ్గిస్తే మస్తు ఫరక్ పడ్తదన్నడు. మన దేశపోళ్ళకు బరువు లెక్క జర కట్టుదిట్టంగనే ఉంటదని కూడ ఆయనే చెప్పిండు. ఎత్తు, బరువు కలిపి చూసే బీఎంఐ వేరే దేశాలల్ల 25 దాటితే ఎక్కువ బరువంటరు, మనకు 23కే జాగ్రత్త పడమంటరు. మనకు కొవ్వు పొట్ట చుట్టే చేరుతది కాబట్టి. ఆడోళ్ళకు నడుము 80 సెంటీమీటర్లు, మొగోళ్ళకు 90 దాటొద్దు. నా టేపు మీద చెప్పాల్నంటే ఆడోళ్ళకు ముప్పై ఒకటిన్నర ఇంచులు, మొగోళ్ళకు ముప్పై అయిదున్నరకు జర తక్కువ. జాకెట్‌కు, లంగాకు మేం తీసే కొలత ఇది కాదు. అడుగు పక్కబొక్కకు, తుంటి బొక్క పైఅంచుకు నడిమిట్ల, ఊపిరి ఇడిసినంక తియ్యాలె. ఇంట్ల టేపు ఉన్నోళ్ళు ఎవరి కొలత వాళ్ళే తీసుకోవచ్చు, ఇంకొకరికి చూపియ్యాల్సిన పని లేదు.

ఆ రాత్రి డాబా మీద ఇద్దరం కూసున్నం. నేను ఆయన్ని ఒక్కటే అడిగిన, "ఈ పనిల నేనేం చేస్తే నీకు ఆసరైతది?" అని. చానసేపు ఏం మాట్లాడలె.

"డాక్టరు చెప్పింది నాకు యాదికున్నది. నువ్వు దినాం యాదికి చెయ్యకు" అన్నడు.

"చెయ్య. ఇంక?"

"నాకొక్కనికి ఏరే వండకు. అందరికి వండిందే నాకు పెట్టు. పిల్లల ముంగట, మా అమ్మ ముంగట నా కంచం ముచ్చట ఎత్తకు."

ఎత్తలె. చెప్పినంత అల్కగ ఏం లేకుండె. పెండ్లిల్లల్ల ఆయన మూడోసారి బిర్యానీ ఏపించుకుంటుంటే నా నోటిదాంక మాటొచ్చేది. అప్పుడు నేను లేసి నీళ్ళ దగ్గరికి పోయేదాన్ని. ఆయన కడుపుల ఏం పడ్తున్నదో ఆయనకెరికె. మా మధ్యల ఉన్న ఒప్పందం నాకు ఆ మూడో గంటెకంటె పెద్దది.

ఇంట్ల వంట మారింది, అందరికి మారింది. హైదరాబాదు తార్నాకల ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024ల ఇచ్చిన సూచనలల్ల కంచంల సగం కూరగాయలు, పండ్లే ఉండాలంటరు. ఒంటికి అందే శక్తిల బియ్యం, గోధుమలు, జొన్నల నుంచి వచ్చేది 45 శాతం దాటొద్దంటరు. మన ఇండ్లల్ల దానికి ఉల్టా, గుట్టంత అన్నం, దాని పక్కన ఇంత కూర. మేం బీరకాయ, చిక్కుడుకాయ, తోటకూర కిలోలకు కిలోలు తేవుడు మొదలువెట్టినం. పుంటికూర పప్పుల పప్పు పెంచినం.

నాలుగైదు నెలలకు ఆయన చెంపలు జర లోపలికి పోయినయి. అప్పుడు మా అత్త గడపల కూసోని పక్కింటోళ్ళతోటి అన్నది, "కొడుకు గుంజుకపోయిండు, మొఖంల కళ లేదు, కడుపు నిండ పెడ్తున్నరో లేదో" అని. ఆ మాట నాకు సూది దిగినట్టైంది. కాని వలసపోయొచ్చిన అమ్మ మెడ కింద బొక్కలు చూసిన పిల్లే ఆ మాట అంటున్నదని నాకెరికె. నేను ఏమన్లె. ఆ సంగతి ఆయన చూసుకున్నడు, చూసుకున్న తీరు నాకు ఎంతో నచ్చింది. తెల్లారి ఆమె ఉల్లిగడ్డలు కోస్తుంటే పక్కన కూసున్నడు.

"అమ్మా, నీ చేతి జొన్నరొట్టె తినక ఎన్నేండ్లాయె? పొద్దుమీకి నాకు అన్నమొద్దు, నువ్వే రొట్టె చేసి పెట్టు" అన్నడు.

మా అత్త చాకు పక్కకు పెట్టింది. "పిండి ఏడుంది?" అన్నది, గంతే. ఆ పొద్దుమీకి పిండిల ఉడుకునీళ్ళు పోసి పిసికి, పీట మీద చేతులతోటే గుండ్రంగ కొట్టింది. మోకాళ్ళ నొప్పులున్నా స్టవ్ దగ్గరికి ఎవ్వర్ని రానియ్యలె. రెండు రొట్టెలు, కంచం నిండ చిక్కుడుకాయ కూర. "ఇంకోటేస్త కొడుకా" అంటే, "రేపటికి ఉంచమ్మా, రేపు కూడ నాకు నీ రొట్టెనే కావాలె" అంటడు. ఆమె మురిసిపోతది. కొడుక్కు పెట్టే చెయ్యి పెడ్తనే ఉన్నది. ఒకటి మాత్రం చెప్పాలె, జొన్నరొట్టె మందేం కాదు. నాలుగు తింటే నాలుగు రొట్టెల లెక్కే, షుగర్ దాని తీరు అది పెరుగుతది. రెండింటితోటి కడుపు నిండుతది, కూర ఎక్కువ పోతది. దానితోటి వచ్చే లాభం గదే.

అందరు ఆయన్ని ఇప్పుడు "ఎన్ని కిలోలు తగ్గినవ్?" అని అడుగుతరు. అది తక్కువ అడగాల్సిన ప్రశ్న అని నా నమ్మకం. ఎందుకంటే చెన్నైల షుగర్ గడప దగ్గరున్నోళ్ళ మీద చేసిన ఒక పరిశోధన 2006ల వచ్చింది. తిండి మార్చుకొని, దినాం నడిచినోళ్ళకు మూడేండ్లల్ల షుగర్ వచ్చే ముప్పు 28 శాతానికి పైగ తగ్గింది. వాళ్ళ బరువు చూస్తే పెద్దగ తగ్గలె! కాంట ముల్లు జరగకున్నా లోపల మంచి జరుగుతుంటది. అసొంటి మనిషిని పట్టుకొని "ఏం తగ్గినట్టు కనవడ్తలేవ్ గద" అంటే ఆయన ఆ నడక కూడ ఇడిసిపెడ్తడు. "మొన్న పానగల్లు చెరువు దాంక పోయినవంట గద, నేను కూడ రావాల్నా?" అని అడిగి చూడుండ్రి.

2025ల మన దేశంలకు వచ్చిన, బరువు తగ్గించే మౌంజారో, వెగోవీ సూదుల ముచ్చట కూడ ఇప్పుడు షాపుల మస్తు ఇనవడ్తున్నది. డాక్టరు చూసి రాయాల్సిన మందులవి. అవి వాడి తగ్గినామెను "సూదుల మీద తగ్గింది, గొప్పేముంది" అని ఎనక ముచ్చటపెట్టిన్రు. పెరిగినా అంటిరి, తగ్గినా అంటిరి. బీపీ గోలి ఏసుకునేటోళ్ళను ఎవ్వరం అంటలేం గద.

మా బిడ్డ సంగతి దీనికంటె నన్ను ఎక్కువ కుదిపింది. ఇంటర్ మొదటి ఏడాది, బైపీసీ. సూర్యాపేటల ఇంటి పండుగకు పోతే మా పెద్దమ్మ కూతురు, అంటే నాకు అక్క, అందరి ముంగట "ఏందే, మీ అమ్మకంటె పెద్దగ కనవడ్తున్నవ్" అన్నది. నవ్విన్రు. మా పిల్ల కూడ నవ్వింది. తెల్లారి నుంచి పొద్దుటి పూట తినుడు బందువెట్టింది. కాలేజీల మధ్యాహ్నం డబ్బా తెరవకుండ తెచ్చేది. రాత్రి పదింటికి వంటింట్ల చీకట్ల నిలబడి దొరికింది దొరికినట్టు తినేది. నాకు డబ్బా బరువుతోటే సంగతి సమజైంది.

అమెరికాల మిన్నెసోటా విశ్వవిద్యాలయమోళ్ళు 2013ల అచ్చేసిన పరిశోధనల ఈ వయసు పిల్లలనే చూసిన్రు. తల్లిదండ్రులు పిల్లల బరువు గురించి, ఒంటి సైజు గురించి మాట్లాడే ఇండ్లల్ల పిల్లలు కడుపు మాడ్చుకునుడు, అడ్డదిడ్డంగ తినుడు ఎక్కువున్నది. బరువు మాట ఎత్తకుండ మంచి తిండి గురించే మాట్లాడే ఇండ్లల్ల అవి తక్కువ. లావున్న పిల్లలల్ల కూడ గట్లనే తేలింది. ఇది చదివినప్పుడు మా పిల్ల డబ్బానే నా కండ్ల ముంగట కనవడ్డది.

బిడ్డతోటి నేను బరువు ముచ్చటనే తియ్యలె. "పొద్దున ఏం చేస్తే తింటవ్?" అని అడిగిన. పెసరట్టు అన్నది. పెసరట్టే చేసిన, నేను కూడ పక్కన కూసోని తిన్న. షాపు పది నిమిషాలు ఆలస్యంగ తెరిచిన, ఏం కాలె.

మా అక్కకు ఫోన్ చేసిన.

"అక్కా, మా పిల్లంటే నీకెంత పానమో నాకెరికె. దానికి కామెర్లయినప్పుడు రాత్రిళ్ళు కూసున్నది నువ్వే. గందుకే నీకు చెప్తున్న, ఏరేటోళ్ళకైతే చెప్పకపోదును."

"ఏమైందే?"

"నువ్వు ఇంటి పండుగల అన్న మాటకు అది తిండి బందువెట్టిందక్కా."

"అయ్యో, నేను ముద్దుకన్ననే!"

"ముద్దుకే అన్నవ్, నాకు తెలుసు. దాని ఒళ్ళు సంగతి నీకు ఏమన్న కనవడితే నాకు ఫోన్ చెయ్యి, నేను ఇంట. దానికి మాత్రం చెప్పకు."

అవతల చానసేపు సప్పుడు లేదు. తర్వాత మా అక్క మెల్లగ చెప్పింది. తనకు సంబంధాలు చూసేటప్పుడు మూడేండ్ల పాటు వచ్చినోళ్ళందరు "పిల్ల దొడ్డుగున్నది" అనిపొయిన్రంట. వాళ్ళ నాయిన కూడ అన్నం దగ్గర అదే మాట అనేటోడంట. "నాకు గట్లనే మాట్లాడుడు వచ్చిందే చెల్లె. ఇంకెట్ల మాట్లాడాల్నో ఎవ్వరు నేర్పియ్యలె" అన్నది. నేను ఫోన్ చేసింది ఒక మాట చెప్పేటందుకు, మాట్లాడింది మాత్రం గంట దాంక మా అక్క గురించే. యాభై ఏండ్ల మనిషి ఆ మూడేండ్ల ముచ్చట అంతకుముందు ఎవ్వరికి చెప్పుకోలేదంట.

మొన్న వనపర్తి నుంచి మా ఆడబిడ్డ ఫోన్ చేసింది. "వదినె, మా ఆయన బెల్టుకు కొత్త బొక్క పొడిపిచ్చిండు. నేనంటే కస్సుమంటడు. నువ్వు జర చెప్పు, నీ మాట ఇంటడు" అన్నది. నేను చెప్పనన్న. నేను చెప్తే, ఇంట్ల ముచ్చట నల్లగొండ దాంక పోయిందని ఆయన ఇంకింత ముడుచుకుంటడు. అన్నం కాడ, పిల్లల ముంగట ఎత్తకుమన్న. ఇద్దరే ఉన్నప్పుడు, కడుపుల కోపం లేనప్పుడు, "నాకు నీ పానం గురించి బుగులైతున్నది, మాట్లాడుకుందామా?" అని ముందుగాల అడగమన్న. ఇయ్యాల వద్దంటే ఆ దినం ఇడిసిపెట్టాలె, వారం తర్వాత మళ్ళ అడగొచ్చు. ఊర్లల్ల ముప్పై ఏండ్లు దాటినోళ్ళకు బీపీ, షుగర్ ఉచితంగనే చూస్తరు కద, ఆశా కార్యకర్తను అడిగితే చెప్తది. ఆయన్నొక్కన్నే పంపొద్దు, నువ్వు కూడ పోయి నీది ముందు చూపించుకొమ్మని చెప్పిన.

"నాదెందుకు వదినె?" అన్నది.

"నీకు నలభై దగ్గరవడ్తున్నయి, నువ్వెప్పుడు చూపించుకున్నవ్?" అని అడిగిన. ఎప్పుడు చూపించుకోలేదంట. సోమవారం ఇద్దరు పోతమన్నది.